బ్యాటరీ పోలు చిలుము: నల్లగొండ ఎండకు ఏ పూత నిలుస్తుంది?

మే నెల, దేవరకొండలో దగ్గరి బంధువుల పెళ్లి. భోజనాలయ్యాక అందరం కారెక్కాం. తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు దీపాలన్నీ వెలిగాయి, హారన్ మోగింది, ఏసీ ఫ్యాను తిరిగింది. ఇంజిన్ మాత్రం ‘టక్’ మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. చుట్టూ చేరిన నలుగురూ బ్యాటరీ పోయిందని తేల్చేశారు. పిలిస్తే వచ్చిన మెకానిక్ కూడా అదే మాట అని, కొత్తది తెప్పించమంటారా అని అడిగాడు. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ ప్లస్ పోలు (తీగ తగిలించే సీసపు మొన) మీద నీలం, ఆకుపచ్చ కలిసిన పొడి గుప్పెడు పేరుకుని ఉంది. వంటల పందిట్లోంచి ఒక చెంబు వేడినీళ్లు, మిరపకాయ బజ్జీల కోసం తెచ్చిన వంటసోడా పొట్లం అడిగి తెచ్చుకున్నాం. పావుగంటలో బండి స్టార్టయింది. ఆ బ్యాటరీ మరో రెండు ఎండాకాలాలు పనిచేసింది.

నాకు ఇబ్బందిగా అనిపించిన సంగతి వేరు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఆ పోలుకు నేను నా చేత్తో పెట్రోలియం జెల్లీ పూశాను. అందరూ చెప్పే చిట్కా అదే కదా! మూడు నెలలకే దాని జాడ లేదు. పోలు మొదట్లో పసుపుపచ్చని మరక ఒకటి మిగిలింది, అంతే. అప్పటినుంచి జెల్లీ, గ్రీజు, స్ప్రే, వాషర్లు ఒకదాని తర్వాత ఒకటి మా కారు మీద, మా తమ్ముడి ట్రాక్టర్ మీద, ఇంట్లోని ఇన్వర్టర్ మీద వాడి చూశాను. ఏది ఎవరికి పనికొస్తుందో ఇప్పుడు కొంత ధైర్యంగానే చెప్పగలను.

ముందు ఆ పొడి సంగతి

బత్తాయి తోటలు ఉన్నవారికి ఆ నీలం రంగు కొత్త కాదు. బంక తెగులు రాకుండా చెట్టు మొదళ్లకు పూసే బోర్డో పేస్టులో కలిపే మైలుతుత్తమే అది. బ్యాటరీలోని సల్ఫ్యూరిక్ ఆమ్లం రాగి తీగనో, ఆ తీగను పోలుకు పట్టి ఉంచే ఇత్తడి క్లాంపునో తిన్నప్పుడు కాపర్ సల్ఫేట్ అవుతుంది. దానికే మన వాడుకలో పేరు మైలుతుత్తం. పొడి తెల్లగా, బూడిద రంగులో ఉంటే లెడ్ సల్ఫేట్. అంటే ఆమ్లం సీసపు పోలునే తింటోందన్నమాట. రెండూ కలిసి ఉండటం మామూలే. ఇనుప తుప్పుతో దీనికి సంబంధం లేదు కాబట్టి, తుప్పు వదిలించే మందులు కొని డబ్బు పారేసుకోవద్దు.

ఆమ్లం బయటికి వచ్చే దారులు రెండు. ఛార్జింగ్ సమయంలో లోపలి నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలు పైకి లేస్తాయి. అవి పగిలినప్పుడు ఆమ్లపు సన్నని తుంపరలు మూతల రంధ్రాల గుండా బయటపడతాయి. రెండో దారి పోలు మొదట్లో, ప్లాస్టిక్‌కూ సీసానికీ మధ్య ఉండే సీలు. వేడికి వ్యాకోచించి, రాత్రికి సంకోచించి, గతుకుల్లో అదిరి అదిరి ఆ సీలు కొన్నాళ్లకు సందు ఇస్తుంది. ఈ ఆమ్లపు తడి బ్యాటరీ పైభాగమంతా పరుచుకుంటే ప్లస్ నుంచి మైనస్‌కు సన్నని కరెంటు దారి ఏర్పడుతుంది. అప్పుడు ప్లస్ వైపు లోహం త్వరగా కరుగుతుంది. చిలుము ఎక్కువగా ప్లస్ మీదే కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇందులో మన ప్రాంతం వాటా ఏమిటంటే, మొదటిది ఎండ. వేడి 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. నల్లగొండలో, మిర్యాలగూడలో మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు చూస్తుంటాం. అరవై కిలోమీటర్లు నడిపి ఆపిన కారు బానెట్ కింద 70 దాటడం వింతేమీ కాదు. రెండోది దుమ్ము. హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు సిమెంటు లారీల వెంట తిరిగే బండి బ్యాటరీ మీద చేరే పొర, మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర చేరే ఊక ధూళి, కల్వకుర్తి మట్టి రోడ్ల ఎర్రదుమ్ము, ఏదైనా ఆమ్లపు తడిని పట్టుకుని అక్కడే నిలబెడుతుంది.

దీపాలు వెలిగి ఇంజిన్ మాత్రం ఎందుకు తిరగదు అని చాలామంది అడుగుతారు. చిన్న లెక్క చాలు. పోలుకూ క్లాంపుకూ మధ్య చిలుము 0.02 ఓమ్‌ల నిరోధం పెట్టిందనుకుందాం. హెడ్‌లైట్లు రెండూ కలిపి తీసుకునేది సుమారు 10 ఆంపియర్లు. అక్కడ పోయేది 0.2 వోల్టు, కంటికి తేడా తెలియదు. చిన్న పెట్రోలు కారు స్టార్టర్ మోటారు 150 ఆంపియర్ల దాకా లాగుతుంది. అదే చిలుము దగ్గర ఇప్పుడు 3 వోల్టులు పోతాయి. మోటారుకు మిగిలేది ‘టక్’ మనడానికే సరిపోతుంది. డీజిలు బండి ఇంకా ఎక్కువ లాగుతుంది కాబట్టి అది ఇంకా ముందే మొరాయిస్తుంది.

పూత కొనే ముందు మీటరు పెట్టండి

చిలుము వచ్చింది కదా అని వెంటనే పూత కోసం దుకాణానికి వెళ్లడం, ఇంటి పైకప్పు కారుతుంటే గోడకు సున్నం వేయడంలాంటిది. వోల్టులు కొలిచే చవక మల్టీమీటరు ఒకటి ఉంటే పది నిమిషాల్లో అసలు సంగతి తెలుస్తుంది.

ఇంజిన్ నడుస్తుండగా రెండు పోళ్ల మధ్య చూస్తే 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 15 దాటి అక్కడే నిలబడితే, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌లో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పాడై బ్యాటరీని ఉడికిస్తోందని అర్థం. ఆ బండికి ఏ పూత వేసినా రెండు నెలల్లో చిలుము తిరిగి వస్తుంది. కొన్ని కొత్త కార్లు అవసరాన్ని బట్టి ఈ వోల్టేజీని కావాలనే పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. అలాంటివాటిలో ఒక్కసారి కనిపించిన అంకెను చూసి భయపడొద్దు.

తర్వాత మీటరు నల్ల మొనను మైనస్ పోలు మీద ఉంచి, ఎర్ర మొనను బ్యాటరీ పైనున్న ప్లాస్టిక్ మీద అక్కడక్కడ ఆనించండి. ప్లాస్టిక్ మీద అర వోల్టో ఒక వోల్టో చూపిస్తే పైన ఆమ్లపు పొర ఉన్నట్టే. నాకు ఇది మొదటిసారి తెలిసినప్పుడు ఇంట్లోవాళ్లందరినీ పిలిచి చూపించాను, ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

మూడోది, ఒక మొన సీసపు పోలు నడి నెత్తిన, రెండోది దానికి తగిలించిన క్లాంపు మీద ఉంచి, ఎవరినైనా తాళం తిప్పమనాలి. 0.1 వోల్టు లోపు చూపిస్తే ఆ జోడింపు బాగున్నట్టు. 0.2 దాటితే విప్పి శుభ్రం చేయాల్సిందే, పైకి ఎంత మెరుస్తున్నా సరే. చిలుము బయట లేకుండా క్లాంపు లోపలి అంచున దాక్కోవడం చాలాసార్లు చూశాను.

కడగడం: సోడా, వేడినీళ్లు, చింతపండు, కూల్‌డ్రింకు

ఈ నాలుగింటిలో నా ఓటు వంటసోడాకే, రెండో ఆలోచన లేదు. అది క్షారం, ఆమ్లాన్ని చంపుతుంది. గ్లాసు నీళ్లలో ఒక పెద్ద చెంచాడు కలిపి పోస్తే బుసబుస నురగ వస్తుంది. ఆ నురగే ఆమ్లం ఉందనడానికి గుర్తు. బోర్డో మిశ్రమం సరిగా కలిసిందో లేదో రైతులు ఇనుప కొడవలి ముంచి చూసుకుంటారు, ఎర్రగా రాగి అంటితే ఇంకాస్త సున్నం పోస్తారు. ఇక్కడ కొడవలి అక్కర్లేదు. మళ్లీ సోడా నీళ్లు పోస్తే నురగ రాకపోతే చాలు.

వేడినీళ్లు మాత్రమే పోస్తే నీలం పొడి కరిగిపోతుంది కానీ తెల్లది కరగదు. లెడ్ సల్ఫేట్ నీళ్లలో దాదాపు కరగని పదార్థం, దాన్ని బ్రష్షుతో గీకాలి. పైగా ఆమ్లం చావదు, పలుచబడి పక్కనున్న ఇనుప ట్రే మీదికి జారుతుంది. దారిలో చిక్కుకున్నప్పుడు వేడినీళ్లు ఆపద్ధర్మం, అంతవరకే.

కూల్‌డ్రింకు పోసి శుభ్రం చేసే వీడియోలు చూసి చాలామంది సంబరపడతారు. అందులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, చిలుము వదులుతుంది, నిజమే. కానీ ఆమ్లం వల్ల వచ్చిన జబ్బుకు ఇంకో ఆమ్లం పోసి, దానిపైన చక్కెర పాకం మిగల్చడం ఏం వైద్యం? చింతపండుది కూడా అదే కథ. ఇత్తడి బిందె తోమినప్పుడు తళతళలాడుతుంది కాబట్టి పోలు మీద కూడా పనిచేస్తుందని మా పెద్దమ్మ వాదన. పనిచేస్తుంది కూడా. కానీ బిందెను ఆ తర్వాత నాలుగు చెంబుల నీళ్లతో కడుగుతాం. బ్యాటరీ సందుల్లోంచి చింతపండు పులుపును అంత శుభ్రంగా కడగలేం.

చేసే తీరులో తప్పకూడనివి కొన్ని. ఇంజిన్ ఆపి మైనస్ క్లాంపు ముందు విప్పాలి. చాలా కార్లకు 10 నంబరు స్పానర్ సరిపోతుంది. బండి బాడీ అంతా మైనస్‌కు కలిసి ఉంటుంది. ప్లస్ ముందు విప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలితే రవ్వలు ఎగసి, స్పానరే ఎర్రబడుతుంది. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. చేతి ఉంగరం, కడియం, గాజులు తీసేయాలి. బీడీ, సిగరెట్ దూరం. హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరినా అంటుకుంటుంది. మూతలు విప్పే రకం బ్యాటరీ అయితే అవి గట్టిగా బిగించి ఉన్నాయో లేదో చూసి గానీ సోడా నీళ్లు పోయొద్దు. సోడా లోపలికి వెళితే లోపలి ఆమ్లాన్ని కూడా చంపుతుంది. పొడిని ఎండుగా గీకి నోటితో ఊదకండి, అందులో సీసం ఉంది. తడిపి తుడవండి, ఆ గుడ్డను పారేయండి, చేతులు సబ్బుతో కడగండి. కడిగిన నీళ్లు పశువుల కుడితి తొట్టి వైపు, పిల్లలు ఆడే చోటికి వెళ్లకుండా చూసుకోవాలి.

కడిగాక పోలు మీద, క్లాంపు లోపల బ్రష్షుతోనో సన్న గరుకు కాగితంతోనో తేలిగ్గా రుద్దితే చాలు, సీసం మెత్తని లోహం. మెరుపు కోసం పట్టుబట్టి రుద్దితే పోలు సన్నబడి, ఎంత బిగించినా క్లాంపు తిరుగుతూనే ఉంటుంది. చివర మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద పూసిన పూత తడిని లోపలే దాస్తుంది.

పూతల్లో పోటీ

పెట్రోలియం జెల్లీతో మొదలుపెడతాను, ఎక్కువ మంది ఇంట్లో ఉన్నది అదే. చవక, దొరకని ఊరు లేదు, ఆమ్లానికి చెక్కు చెదరదు, నీటిని రానివ్వదు. దాని లోపమల్లా కరిగే స్వభావం. రకాన్ని బట్టి 40 నుంచి 60 డిగ్రీల మధ్యలోనే మెత్తబడి కరగడం మొదలవుతుంది. చల్లని దేశాల వాళ్లు దాన్ని మెచ్చుకోవడంలో అబద్ధం లేదు, అక్కడ అది ఏడాదంతా ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గరా నిలుస్తుంది. మార్చి తర్వాత బానెట్ కింద అది నూనెలా జారి, పోలు మొదట్లో చేరి, దుమ్ముతో కలిసి నల్లని జిడ్డవుతుంది. ఎండాకాలంలో జెల్లీయే వాడాలంటే నెలకోసారి తుడిచి మళ్లీ పూయగల ఓపిక ఉండాలి. నాకు లేదు. కొబ్బరినూనె గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. అది 24, 25 డిగ్రీలకే నీరవుతుంది, మన శీతాకాలపు మధ్యాహ్నానికే ఆగదు. ఆముదం చిక్కగా ఉంటుంది కానీ కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్ము పడుతుంది.

మెకానిక్ షెడ్డులో డబ్బా నిండా ఉండే మామూలు గ్రీజు సంగతికి వస్తే, అందులో రకాలున్నాయి. లిథియం గ్రీజు సుమారు 180 డిగ్రీల దాకా జారిపోదు, అంటే బానెట్ వేడి దానికి లెక్కలోకే రాదు. చవక కూడా. చిన్న డబ్బా కొంటే ఇంట్లోని అన్ని బండ్లకూ ఏళ్ల తరబడి సరిపోతుంది. రెండు జాగ్రత్తలు చెప్పాలి. పల్చగా పూయాలి, వేలితో ఒక పొర. షెడ్లలో లడ్డూ పెట్టినట్టు పెడతారు, దాని మీద దుమ్ము పేరుకుని అట్ట కడుతుంది. రెండోది, షెడ్డులో తెరిచి ఉంచిన డబ్బాలో బేరింగుల ఇనుప రజను కలిసి ఉండొచ్చు. విడిగా కొనుక్కోవడం మేలు.

సిలికాన్ గ్రీజును దుకాణాల్లో కొందరు డైఎలక్ట్రిక్ గ్రీజు అని అంటారు. 200 డిగ్రీలకు కూడా చలించదు, నీటిని దగ్గరికి రానివ్వదు, రబ్బరు తొడుగులను పాడుచేయదు. చిన్న ట్యూబుకే లిథియం గ్రీజు డబ్బా కంటే ఎక్కువ ధర పెట్టాలి. ఇది కరెంటును అడ్డుకునే పదార్థం కాబట్టి చాలామంది భయపడతారు. ముందు లోహానికి లోహం ఆనేలా క్లాంపును గట్టిగా బిగించి, ఆ తర్వాత బయటంతా పూస్తే భయం లేదు. నా వరకు ఏ పూతకైనా ఇదే వరుస. గట్టిగా బిగిస్తే మధ్యలోని గ్రీజు పక్కకు పోతుంది కదా అని వాదించే అనుభవజ్ఞులున్నారు, వాళ్ల మాటా తప్పు కాదు. కానీ కాస్త వదులైన క్లాంపు కింద గ్రీజు పొర ఉండి బండి ఆగిపోయిన సందర్భం ఒకటి నాకు తెలుసు. అందుకే నేను ఆ వాదనకు దిగను.

రాగి కలిపిన గ్రీజు మాత్రం వద్దంటాను. కరెంటు బాగా పారుతుందని చెప్పి అమ్ముతారు. కరెంటు పారడానికి లోహాలు ఆని ఉంటే చాలు, గ్రీజు అక్కర్లేదు. ఆమ్లం తినేదే రాగిని, దాన్నే పొడి చేసి పూయడం ఎలుకకు పేలాలు చల్లినట్టు. అలాగే పట్టేసిన నట్లను వదులు చేసే స్ప్రే నూనెలు. అవి నీటిని తరిమే పలుచని నూనెలు, కొద్ది వారాల్లో ఆవిరైపోతాయి. విప్పడానికి వాడండి, కాపలాకు వద్దు.

ఇక బ్యాటరీ పోళ్ల కోసమే తయారైన స్ప్రేలు, ఎక్కువగా ఎర్ర రంగులో వచ్చేవి. ఆరిన తర్వాత లక్కలాంటి పొర అవుతుంది, చేతికి అంటదు, దుమ్ము పట్టదు. సిమెంటు లారీల దారిలో తిరిగే బండికి నేను చూసినంతలో ఇదే మేలు. మా ఎదురింటి ట్యాక్సీ డ్రైవరు సూర్యాపేట, కోదాడ వైపు రోజూ తిరుగుతాడు. “అన్నా, గ్రీజు పూస్తే నెలకే నల్ల బంక అవుతోంది, స్ప్రే కొట్టాక ఆ బాధ పోయింది” అంటాడు. ఆ మాట నిజమే. దీని బలహీనత వేరేచోట ఉంది. క్లాంపు విప్పిన ప్రతిసారీ పొర పగులుతుంది, మళ్లీ కొట్టాలి. లేకపోతే పగులు సందులోంచి ఆమ్లం దూరి పొర కిందే చిలుము పెరుగుతుంది, పైకి కనిపించదు. గ్రీజులో ఈ మోసం లేదు, లోపల నీలం కనిపిస్తే తెలిసిపోతుంది.

ఫెల్ట్ వాషర్లను చాలామంది పట్టించుకోరు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో జతగా అమ్ముతారు. ఆమ్లాన్ని అడ్డుకునే మందులో నానబెట్టిన గుండ్రటి ముక్కలవి. ఎర్రదాన్ని ప్లస్ పోలుకు, పచ్చదాన్ని మైనస్‌కు కిందివరకు దిగేసి దానిపైన క్లాంపు బిగించాలి. మిగతా పూతలన్నీ పైనుంచి కాపలా కాస్తే, ఇది పోలు మొదట్లో, సీలు సందు దగ్గర కూర్చుంటుంది, ఆమ్లం వచ్చే దారిలోనే. ఒంటరిగా వాడితే అరకొర ఫలితమే. పైన లిథియం లేదా సిలికాన్ గ్రీజు పల్చగా పూస్తే మాత్రం మా కారుకు రెండు వేసవులు చిలుము జాడ లేదు. ఏడాదికోసారి వాషర్లు మార్చాలి, నల్లబడి గట్టిపడితే అంతకు ముందే.

పూత దాటి ఆలోచించాల్సినప్పుడు

క్లాంపు సగం తినేసి, బోల్టు బిగిస్తే విరిగేలా ఉంటే పూతల గురించి చర్చ అనవసరం. మార్చేయండి. సీసపు క్లాంపులు మెత్తగా ఉండి పోలును బాగా కౌగిలిస్తాయి, చిలుమూ తక్కువే. కానీ అతిగా బిగిస్తే సాగిపోతాయి. తగరం పూత ఉన్న ఇత్తడి క్లాంపులు గట్టివి, పూత గీసుకుపోయినచోట నీలం వస్తుంది. పలుచని రేకు వంచి చేసినవి చవక అని తీసుకుంటే వాటికి ఇనుప తుప్పు కూడా తోడవుతుంది. కొనేటప్పుడు మీ బండి పోలు సన్నదో లావుదో కొలిచి వెళ్లండి. ప్లస్ పోలు మైనస్ కంటే ఎప్పుడూ కాస్త లావుగా ఉంటుంది. సన్న పోలుకు లావు క్లాంపు బిగించి మధ్యలో డబ్బా రేకు చుట్టడం మన షెడ్లలో పాత ఆచారం. చిలుముకు అంతకంటే మంచి ఇల్లు దొరకదు. రాగి తీగ లోపలిదాకా పచ్చబడితే ఆ భాగం కత్తిరించి, మిగిలిన మంచి తీగకు కొత్త క్లాంపు పెట్టించాలి. బండి ఆగినప్పుడు ఇంజిన్ తనంతట తానే ఆగి, మళ్లీ తానే స్టార్టయ్యే కొత్త కార్లలో మైనస్ క్లాంపుకు చిన్న సెన్సారు అతికి ఉంటుంది. దాన్ని సుత్తితో తట్టొద్దు, నీళ్లలో ముంచొద్దు, మార్చడం కంపెనీ సర్వీసు వాళ్ల పని.

బ్యాటరీ మార్చే వేళే వస్తే చిలుము కూడా ఎంపికలో ఒక లెక్క కావాలి. మూతలు విప్పి నీళ్లు పోసే రకం చవక, ఎండలో నీళ్లు తగ్గినా పోసుకోవచ్చు, కానీ తుంపరలు ఎక్కువ. మెయింటెనెన్స్ ఫ్రీ అని అమ్మేవాటిలో సీసానికి కాల్షియం కలుపుతారు, బుడగలు తక్కువ, చిలుమూ తక్కువ. ఏజీఎం రకంలో ఆమ్లం గాజు నూలు పొరల్లో పీల్చుకుని ఉంటుంది, చిలుము దాదాపు రాదు, ధర బాగా ఎక్కువ. బండి తయారీదారు అది అడగకపోతే చిలుము కోసమే ఏజీఎం కొనడం దండగ. మెయింటెనెన్స్ ఫ్రీకి తోడు వాషర్లు వేసుకుంటే ఎంతో తక్కువ ఖర్చులో దాదాపు అదే ఫలితం వస్తుంది.

నీళ్లు పోసే రకం ఉన్నవారికి మన జిల్లాలో ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్లోరైడ్ తీసే పద్ధతికే ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు పడిన నేల ఇది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం వాడి దాన్ని రూపొందించింది. అలాంటి చోట బోరు నీళ్లను బ్యాటరీలో పోసే మనుషులు ఇంకా కనిపిస్తారు. ఆ నీళ్లలోని లవణాలు బ్యాటరీ లోపలి సీసపు పలకలను పాడుచేస్తాయి. ఫిల్టరు నీళ్లు తాగడానికి బాగుంటాయి, బ్యాటరీకి సరిపోవు. డిస్టిల్డ్ వాటర్ సీసానే కొనండి, అదీ గీత వరకే. గీత దాటి పోస్తే ఛార్జింగ్‌లో పొంగి పోలు మీదికే వస్తుంది. ఎన్ని పూతలు మార్చినా చిలుము తగ్గని ఒక ఇన్వర్టర్ బ్యాటరీకి జబ్బు ఇదే అని ఆలస్యంగా కనిపెట్టాను. ప్రతి ఆదివారం ప్రేమగా నీళ్లు నింపింది నేనే.

పాలమూరు పక్కన దివిటిపల్లిలో అమరరాజా లిథియం బ్యాటరీల కార్ఖానాకు 2023 మేలో శంకుస్థాపన చేసుకున్నారు. అది చూసి ఇక సీసం, ఆమ్లం గొడవ తీరినట్టే అని ఒక మిత్రుడు అన్నాడు. 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీ అంత తేలిగ్గా పోయేలా లేదు. విద్యుత్ కార్లలో కూడా దీపాలకు, కంప్యూటర్లకు పక్కన చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, చాలా వాటిలో అది ఇప్పటికీ సీసానిదే.

ఎవరికి ఏది

రోజూ జాతీయ రహదారి మీద తిరిగే ట్యాక్సీకి, ట్రాలీ ఆటోకి సోడాతో కడిగి వాషర్లు వేసి, పైన ఎర్ర స్ప్రే. ఇంటి కారుకు వాషర్లు, లిథియం గ్రీజు, కాస్త ఖర్చు పెట్టగలిగితే సిలికాన్. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా మిర్యాలగూడకు నెలకోసారి వెళ్లొచ్చి మిగతా రోజులు షెడ్డులో నిద్రపోయే కారైతే పూతకంటే ముందు ఛార్జింగ్ గురించి చూడండి. అలా పడి ఉన్న బ్యాటరీ 12.4 వోల్టుల కిందికి దిగితే లోపల పలకల మీదే లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది, దానికి ఏ గ్రీజూ లేదు. పది రోజులకోసారి అరగంటైనా నడపాలి.

ట్రాక్టరుకు స్ప్రే నిలవలేదు, అదురుకు పొర పగిలింది. లిథియం గ్రీజు దానికి చాలు, దున్నకాల సీజనులో నెలకోసారి తుడిచి పూస్తే సరి. ఇన్వర్టరుకు ఎండ వేడి ఉండదు కాబట్టి పెట్రోలియం జెల్లీ హాయిగా సరిపోతుంది. విప్పే ముందు ఇన్వర్టర్ స్విచ్చి ఆపి, మెయిన్ ప్లగ్గు తీయండి, గది తలుపు తెరిచి ఉంచండి. బైకుల్లో ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా సీలు చేసిన చిన్న బ్యాటరీలు, వాటి బోల్టులు వదులు కాకుండా చూసుకుని, కొద్దిగా జెల్లీ రాస్తే పనైపోతుంది.

పూత ఏదైనా, నేను ఏడాదికి రెండుసార్లు విప్పి చూస్తాను. శివరాత్రి తర్వాత ఎండలు ముదిరేలోపు ఒకసారి, వానలు తగ్గాక దసరాకు ఆయుధపూజ రోజు బండి కడిగేటప్పుడు ఇంకోసారి. పసుపు, కుంకుమ బానెట్ పైన పెట్టండి, పోళ్ల మీద వద్దు. క్లాంపు విప్పితే గడియారం, రేడియో స్టేషన్లు, కొన్ని కార్లలో అద్దాలు తనంతట తాను దిగే అమరిక చెరిగిపోతాయి. వాటిని మళ్లీ పెట్టుకునే పద్ధతి కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, విప్పే ముందే ఆ పేజీ చూసుకోండి.